గోడకు రంగు వేయకముందు

(పరిచర్య భవనాల మరమ్మతుకు విదేశాలకు వెళ్ళే సంఘ బృందాలకు, వారి కుటుంబాలకు ఆరోగ్య పాఠము)

పఠన భాగము: నెహెమ్యా 2 నుండి 5 అధ్యాయములు



మార్చి నెలలో మన ఓ.పి.కి బి.పి. చూపించుకోవడానికి వచ్చిన ఒక తల్లి, మందుల చీటీ చేతికిచ్చాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "డాక్టరమ్మగారూ, ఇంకొక్క మాటండి. మా చిన్నవాడు డల్లాస్‌లో ఉన్నాడు కదండీ. వాళ్ళ సంఘంవాళ్ళు పద్నాలుగుమంది కలిసి జూన్‌లో హోండురాస్ అనే దేశం వెళ్తున్నారంట. అక్కడి సంఘం నడిపే పిల్లల హాస్టలు పాడైపోతే బాగుచేసి రావడానికంట. పది రోజులండి. వాడు పుట్టి బుద్ధెరిగాక తాపీ ముట్టుకోలేదు. ఏం ఇంజక్షన్లు వేయించుకోవాలో మీరు చెబితే ఫోనులో వాడికి చెబుతాను" అని అడిగింది.

చెప్పవలసిన పేర్లు చెప్పాము. ఆమె చీటీ వెనుక రాసుకొని వెళ్ళింది. ఆమె వెళ్ళాక మాత్రం సగం జవాబే చెప్పామని అనిపించింది. ఇంజక్షను వెళ్ళేవాడిని కాపాడుతుంది. అతను వెళ్ళి దిగే ఇంటివాళ్ళ సంగతి ఏమిటి? అతను గోకే గోడ పక్కన నిద్రపోయే పిల్లలు, అక్కడి తాపీమేస్త్రి, వంట చేసిపెట్టే అమ్మ, వీళ్ళ ఆరోగ్యం మాటేమిటి? ఇది పుస్తకం చదివి అడుగుతున్న ప్రశ్న కాదు. ఒకప్పుడు మేము కూడా అలాంటి ఇంటివాళ్ళమే. ఆ సంగతి కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాము.

మన సంఘాల్లో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడి యౌవనస్తుల కూటముల నుంచి కూడా నేపాల్‌కో, శ్రీలంకకో, ఆఫ్రికా దేశాలకో వెళ్ళి రావాలని ఆశపడేవారు ఉన్నారు. అందుకే ఆ తల్లికి చెప్పకుండా మిగిలిన సగం జవాబును ఈ నెల ఆరోగ్య పాఠంగా ఇస్తున్నాము.

నెహెమ్యా మూడు రోజులు

దూరదేశం నుంచి వెళ్ళి పడిపోయిన కట్టడాన్ని బాగుచేసినవారిలో మనకు బాగా తెలిసినవాడు నెహెమ్యా. షూషను కోటలో రాజుగారి దగ్గర కొలువు చేసుకుంటున్నవాడు. యెరూషలేము గోడ కూలిందని విని ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, సెలవు అడిగాడు, కలపకు ఉత్తర్వులు రాయించుకున్నాడు. ఇక్కడివరకు బోధల్లో తరచు వింటాము. ఊరు చేరాక ఏం చేశాడన్నదే ఈ పాఠానికి కావలసింది. మూడు రోజులు ఊరుకున్నాడు. ఆ తరువాత ఒక రాత్రి కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఎవరికీ చెప్పకుండా, గోడ చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడ కూలింది, ఎక్కడ కాలింది, ఎక్కడ జంతువుకు కూడా దారి లేదు అన్నది కళ్ళారా చూసుకున్నాడు. చూసిన తరువాతే నోరు విప్పాడు.

మూడో అధ్యాయం పేర్ల జాబితా కదా అని చాలామంది దాటవేస్తారు. దయచేసి ఈసారి దాటవేయవద్దు. పని చేసినవారందరూ ఆ ప్రాంతంవారే. కంసాలులు ఉన్నారు, పరిమళద్రవ్యాలు చేసేవారు ఉన్నారు, ఒకాయన తన కుమార్తెలతో కలిసి పని చేశాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుట భాగాన్ని వారే కట్టుకున్నారు. పెంటగుమ్మము కూడా ఆ జాబితాలో ఉంది. ఊరి చెత్త, మలినం బయటికి పోయే గుమ్మము అది. దాన్ని బాగుచేసినవాడు ఒక ప్రదేశానికి అధిపతి. ఈ గుమ్మాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాము.

ఐదో అధ్యాయంలో పని మధ్యలో ఒక మొర వినబడుతుంది. తిండికి లేక పొలాలు కుదువపెట్టుకున్నామని జనం ఏడ్చారు. అప్పుడు నెహెమ్యా తన లెక్క తాను చెప్పుకుంటాడు. అధిపతిగా తనకు రావలసిన భోజనపు బత్తెం పన్నెండేళ్ళు తీసుకోలేదని, జనం మీద భారం ఎక్కువగా ఉందని. సాయానికి వెళ్ళినవాడు ఆ ఇంటి గిన్నెలోంచి ఎంత తింటున్నాడో చూసుకోవడం అప్పటి నుంచీ ఉన్న పాఠమే.

మా ఇంట జరిగినది

కొన్నేళ్ళ క్రితం జనవరిలో ఒక విదేశీ సంఘం నుంచి పదకొండుమంది మన ఆసుపత్రికి వచ్చారు. నర్సింగు విద్యార్థినుల పాత హాస్టలుకు మరమ్మతు చేసి రంగులు వేయాలన్నది వారి సంకల్పం. మంచి మనుషులు. సెలవు పెట్టుకొని, సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కొని వచ్చారు. వారిలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఉదయం ఐదున్నరకే బక్కెట్టు పట్టుకొని నిలబడేవారు. వారి ప్రేమ మీద మాకు ఈ రోజుకీ అనుమానం లేదు.

రాకముందు వారు ఉత్తరం రాశారు, మీకు ఏం కావాలి అని. మాకు కావలసింది సెప్టిక్ ట్యాంకు. హాస్టలు వెనుక ట్యాంకు గోడ బీటలువారి, వానాకాలంలో పొంగి బావి వైపు పారేది. ప్రతి ఆగస్టులో అమ్మాయిలకు విరేచనాలు. ఒక ఏడు ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. అయినా ఆ మాట ఉత్తరంలో రాయడానికి మాకు సిగ్గు అడ్డొచ్చింది. అంత దూరం నుంచి వచ్చే అతిథులను పాయిఖానా గొయ్యి బాగుచేయమని ఎలా అడుగుతాము? "దేవుడు మిమ్మును ఎలా నడిపిస్తే అలా చేయండి" అని రాశాము. వారు రంగు డబ్బాలతో వచ్చారు. ఇందులో తప్పు వారిది ఎంతో మాది అంత. మాదే ఎక్కువేమో.

రెండు రోజులు పాత రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దారు. వరండా అంతా పచ్చని పొడి. వంట చేసే అమ్మ మనవరాలు, రెండేళ్ళ పిల్ల, ఆ పొడిలో వేలితో గీతలు గీసుకుంటూ ఆడుకుంది. ఆ వేలే నోట్లో పెట్టుకుంది. ముచ్చటగా ఉందని ఫోటోలు కూడా తీశారు. పాత రంగులో సీసం ఉంటుందని, ఆ పిల్లకు రక్తపరీక్ష చేయించాలని, ఆసుపత్రివాళ్ళమై ఉండి మాకే తోచలేదు.

మూడో రోజున పదకొండుమందిలో నలుగురు విరేచనాలతో మంచం పట్టారు. ఇద్దరు నర్సుల డ్యూటీ మార్చి వారి దగ్గర ఉంచాము. వారికి సీసా నీళ్ళు, వేరే వంట. అంతా అయ్యాక మెస్సు లెక్క చూస్తే, మూడు వారాల డబ్బు పన్నెండు రోజుల్లో అయిపోయింది.

మరొక సంగతి చెప్పకుండా ఉండలేము. మన ఆసుపత్రికి ఎన్నో ఏళ్ళుగా తాపీపని చేస్తున్న మేస్త్రిగారు ఆ పన్నెండు రోజులూ వేపచెట్టు కింద కూర్చొని చూశారు. ఆ గోడ గానుగ సున్నపు గోడ. సున్నపు గోడకు గాలి ఆడాలి, లోపలి చెమ్మ బయటికి పోవాలి. దాని మీద సిమెంటు పూత పూసినా, ప్లాస్టిక్ రంగు వేసినా చెమ్మ లోపలే నిలిచి పొక్కులు లేస్తుంది, బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడదు. ఇది ఆయనకు తెలుసు. ఆయనను ఎవరూ అడగలేదు. ఆఖరి రోజు మా దగ్గరికి వచ్చి "అయ్యా, నా చేతిపనిలో ఏమైనా లోపం వచ్చిందా?" అని అడిగారు. రెండో వానాకాలానికి రంగు పెచ్చులుగా రాలింది. ఆ తరువాత మేమే డబ్బు కూడబెట్టి ఆయన చేతనే సెప్టిక్ ట్యాంకు కట్టించాము. వేసిన రంగుల ఖర్చులో సగం కూడా కాలేదు. తరువాతి ఆగస్టులో హాస్టలు నుంచి విరేచనాల కేసులు ఒకటో రెండో, అంతే.

పెంటగుమ్మము దగ్గర ఫోటో దిగడానికి ఎవరూ ఇష్టపడరు. ఆరోగ్యం మాత్రం చాలా ఊళ్ళలో అక్కడి నుంచే మొదలవుతుంది.

హోండురాస్‌లో వేసిన లెక్క

ఆ తల్లి అడిగిన దేశం మధ్య అమెరికాలో, గ్వాటెమాల, ఎల్ సాల్వడోర్, నికరాగువాల మధ్య ఉంది. స్పానిష్ మాట్లాడతారు. జనాభా దాదాపు కోటి. 1998 అక్టోబరు ఆఖరులో మిచ్ అనే పెనుతుఫాను ఆ దేశం మీద పడి రోజుల తరబడి వాన కురిపించింది. 5000 మందికి పైగా చనిపోయారు. కొండచరియలు విరిగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన మన పెద్దలకు ఆ దృశ్యం వివరించనక్కరలేదు. తుఫాను తరువాత ఉత్తర అమెరికా సంఘాల నుంచి బృందాలు తండోపతండాలుగా వెళ్ళి ఇళ్ళు కట్టాయి.

అమెరికాలోని కాల్విన్ కాలేజిలో సామాజికశాస్త్రం బోధించిన కర్ట్ వెర్ బీక్ గారు హోండురాస్‌లోనే చాలాకాలం నివసించినవారు. తాను విశ్వాసియై ఉండి కూడా ఒక కష్టమైన ప్రశ్న వేశారు. బృందాలు కట్టిన ఇళ్ళలో ఉన్నవారి బ్రతుకు, స్థానిక క్రైస్తవ సంస్థలు కట్టించిన ఇళ్ళలో ఉన్నవారి బ్రతుకు కంటే బాగుపడిందా? 78 కుటుంబాలతో మాట్లాడారు. వచ్చి వెళ్ళిన బృంద సభ్యులకు కూడా ప్రశ్నలు పంపారు. 2006లో ఆ అధ్యయనం అచ్చయింది. రెండు రకాల కుటుంబాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఖర్చులో మాత్రం ఉంది. విమాన ఛార్జీలు కలుపుకుంటే బృందం కట్టిన ఒక్కో ఇంటికి సుమారు 30,000 డాలర్లు. స్థానిక సంస్థ అలాంటి ఇంటినే 2,000 డాలర్లకు కట్టింది. ఒక ఇంటి డబ్బుతో పదిహేను ఇళ్ళు. వెళ్ళి వచ్చినవారు తమ జీవితం మారిందని రాశారు గాని, వారి కానుకల లెక్కలు చూస్తే ఆ మార్పు అంతగా కనబడలేదు.

ఈ లెక్క చదివి "అయితే వెళ్ళనే వద్దు" అనుకోనక్కరలేదు. మనిషి వచ్చి పక్కన కూర్చోవడానికి ఒక విలువ ఉంది. మన ఆసుపత్రులు చాలావరకు సముద్రం దాటి వచ్చినవారు మొదలుపెట్టినవే. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ గారు రెండు వారాలకు రాలేదు, జీవితమంతా ఉన్నారు. మెదక్ చర్చి సంగతి కూడా మనకు తెలిసినదే. పాస్నెట్ దొరగారు పదేళ్ళు కట్టించి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆ పనికి వచ్చిన చుట్టుపక్కల జనానికి కూలిగా తిండి దొరికిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆలోచన బయటి నుంచి వచ్చింది, తాపీ పట్టిన చేతులు ఊరివి.

కాబట్టి వెళ్ళే బృందం లెక్క వేసుకునేటప్పుడు ఇద్దరు ముగ్గురు స్థానిక మేస్త్రిల కూలిని మొదటి ఖర్చుగా రాసుకోవాలి. మేస్త్రి చెప్పినట్టు మన పిల్లలు ఇసుక మోయాలి. ఇసుక మోయడంలో నామోషీ లేదు.

గోడలో ఏముంది?

ఇక వైద్యులుగా మాకు బాగా తెలిసిన మాటలు. పాత కట్టడం మరమ్మతు కొత్త కట్టడం కంటే ప్రమాదం. పాతగోడలో ఏముందో కంటికి కనబడదు.

మొదటిది సీసం. అమెరికా 1978లో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది. మన దేశంలో పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించి సీసం ఉండకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన మెరిసే నూనె రంగులు, ముఖ్యంగా పసుపు, ఎరుపు, పచ్చ రంగులు ఉన్న తలుపులు, కిటికీలు, గోడలు ఏ దేశంలోనైనా సీసం ఉన్నట్టే అనుకొని పని చేయాలి. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరేళ్ళలోపు పిల్లల కడుపు పెద్దవారికంటే ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. పైకి ఏమీ కనబడదు. పిల్లవాడు చదువులో వెనకబడతాడు, రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి అంటాడు. అంతే.

పెచ్చులు లేవని రంగును గోకనే వద్దు. కడిగి, ఆరాక దాని మీదే వేయవచ్చు. గోకక తప్పకపోతే తడిపి గోకాలి. పొడిగా రుద్దవద్దు, మంటతో కాల్చి తీయవద్దు. కింద ప్లాస్టిక్ పట్టా పరచి, రాలినదంతా దానిలోనే చుట్టి తీయాలి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. పని అయ్యేదాకా పిల్లలను, గర్భిణీలను వేరేచోట ఉంచాలి. కరోనా రోజుల్లో మనం నేర్చుకున్న ఎన్-95 మాస్కు ఇక్కడ పనికొస్తుంది, ముఖానికి కట్టుకునే చేతిరుమాలు పనికిరాదు. బట్టలు మార్చుకోకుండా పిల్లలను ఎత్తుకోవద్దు. గోడ తడిపేముందు కరెంటు మెయిన్ ఆపించడం మరచిపోవద్దు. పాత వైరింగు, తడిగోడ, ఇనుప నిచ్చెన మూడూ ఒకచోట చేరితే ప్రాణానికే ముప్పు.

రెండోది పైకప్పు. పాత సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే పీచు ఉంటుంది. రేకు పైన ఉన్నంతకాలం పెద్ద భయం లేదు. కోసినా, పగలగొట్టినా, పైనుంచి విసిరినా సన్నని పీచు గాలిలో కలుస్తుంది. అది ఊపిరితిత్తుల్లో దిగితే జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత బయటపడుతుంది. బృందం అప్పటికి తమ ఊరిలో ఉంటుంది. అక్కడి పిల్లలు పెద్దవారై ఉంటారు. కారణం ఎవరికీ గుర్తుండదు. పాత రేకులు దించే పని తెలిసినవారికే వదిలేయాలి. తడిపి, ముక్కలు కాకుండా మొత్తంగా దించాలి. పగిలిన ముక్కలను దారిలో గుంతలు పూడ్చడానికి వాడవద్దు. ఇది మన ఊళ్ళలో కూడా జరుగుతూనే ఉంది.

మూడోది తడి సిమెంటు. అది సున్నంలాగే చర్మాన్ని తింటుంది. మోకాళ్ళ మీద కూర్చొని గంటల తరబడి గచ్చు చేసినవారికి సాయంత్రానికి తెలియకుండానే లోతైన పుండు పడుతుంది. ఉంగరాలు తీసేయాలి, రబ్బరు చేతితొడుగులు, బూట్లు వేసుకోవాలి, ఒంటికి అంటిన వెంటనే మంచినీళ్ళతో బాగా కడగాలి. నిచ్చెన విషయంలో మేస్త్రిలందరికీ తెలిసిన కొలత: నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా కాలు పెట్టాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

ఎండ సంగతి వేరుగా చెప్పాలి. చల్లని గదుల్లో కంప్యూటరు ముందు కూర్చొనే యౌవనస్తుడు విమానం దిగిన మరునాడే పారతో దిగితే వడదెబ్బ తగులుతుంది. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు చాలు, రోజుకు మరో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. నాల్గవ అధ్యాయంలో రాళ్ళకుప్పలు ఎక్కువై మోసేవారి బలం తగ్గిపోయిందని ఉంది. అక్కడ ఎవరూ వారిని విశ్వాసం తక్కువైందని గద్దించలేదు.

తీసుకువెళ్ళేది, తీసుకువచ్చేది

2005 మే నెలలో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పదిహేడేళ్ళ అమ్మాయి ఒకతె సంఘ పరిచర్య యాత్ర ముగించుకొని రుమేనియా నుంచి ఇంటికి వచ్చింది. తట్టు టీకా వేయించుకోలేదు. ఒళ్ళు వెచ్చబడిందేమో గాని ఇంకా దద్దురు రాలేదు. మరునాడు సుమారు 500 మంది కూడిన సంఘ కూటానికి వెళ్ళింది. ఆ ఒక్క రాకతో మొత్తం 34 మందికి తట్టు సోకింది. వారిలో ఒక్కరు తప్ప అందరూ ఆ సంఘంవారే, ఎక్కువమంది టీకా వేయించుకోని పిల్లలు. యాత్ర సాక్ష్యం వినడానికి వచ్చినవారికి యాత్ర జబ్బు అంటింది.

తీసుకువెళ్ళిన దానికి ఉదాహరణ హైతీ. 2010 జనవరి భూకంపం తరువాత అక్టోబరులో ఆ దేశంలో కలరా బయలుదేరింది. ఆధునిక కాలంలో అక్కడ అంతకుముందు కలరా నమోదు కాలేదు. మీర్బాలే ఊరి దగ్గర ఐక్యరాజ్య సమితి శాంతి సైనికుల శిబిరం మురుగు ఏటిలో కలవడమే కారణమని తేలింది. దాదాపు పదివేలమంది చనిపోయారు. వారు సంఘ బృందం కాదు, నిజమే. కాని సాయానికి వెళ్ళిన శిబిరం పాయిఖానా ఎటు పారుతోందన్న ప్రశ్న అందరికీ ఒకటే. విరేచనాలు, దగ్గు, జ్వరం ఉన్నవారు ప్రయాణం వాయిదా వేసుకోవాలి. టిక్కెట్టు డబ్బు పోతుంది. పోనివ్వండి.

ఇప్పుడు ఆ తల్లి రాసుకున్న చీటీ. ధనుర్వాతం టీకా పదేళ్ళలో వేయించుకున్నాడా చూడాలి, తాపీపనికి ఇది ముఖ్యం. తట్టు టీకా రెండు మోతాదులు. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్ టీకాలు బయలుదేరడానికి కనీసం నెల ముందు వైద్యుని అడిగి వేయించుకోవాలి. హోండురాస్‌లో మలేరియా కొన్ని ప్రాంతాల్లోనే, ముఖ్యంగా తూర్పున గ్రాసియాస్ ఆ దియోస్ వైపు. వెళ్ళే ఊరిని బట్టి మాత్రలు అవసరమో కాదో అక్కడి వైద్యుడు చెబుతారు. డెంగీ మాత్రం వానాకాలంలో అంతటా ఉంటుంది, 2019లో ఆ దేశంలో లక్షకు పైగా కేసులు వచ్చాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి నిండు చేతుల చొక్కా, దోమల మందు పని వేళల్లో వాడాలి. ఇక్కడి నుంచి ఆఫ్రికా దేశాలకు వెళ్ళేవారు చాలావాటికి పసుపు జ్వరం టీకా వేయించుకోవాలి. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ పత్రం లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు వేరుగా ఉంచవచ్చు. 2016 నుంచి ఒకసారి వేసుకున్న టీకా పత్రం జీవితాంతం చెల్లుతుంది.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లాలు. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, కొలత తప్పకుండా. దోమల గురించి ఇంత రాశాము గాని, యాత్రికుల ప్రాణం తీసే ప్రమాదాల్లో రోడ్డు ప్రమాదాలదే ముందు వరుస. లారీ తొట్టిలో నిలబడి పాటలు పాడుకుంటూ వెళ్ళడం సంతోషంగానే ఉంటుంది. ఎక్కవద్దు. చీకటి పడ్డాక కొండదారి ప్రయాణం పెట్టుకోవద్దు.

యౌవనస్తుల కూటములో మాట్లాడుకోవడానికి

మన బృందం చేయబోయే పనిని ఆ ఊరివారిలో ఎవరు కోరారు? "వద్దు" అని చెప్పే వీలు వారికి ఇచ్చామా? మన భోజనం, పడకల ఖర్చు ఎవరి మెస్సు డబ్బులోంచి పోతుంది? అక్కడి పెంటగుమ్మము ఎవరు చూస్తున్నారు? మూడో అధ్యాయం మళ్ళీ చదివి, మీ ఊరిలో ఎవరెవరి పేర్లు ఆ జాబితాలో రాయవచ్చో రాసి చూడండి.

మళ్ళీ ఆ తల్లి

ఏప్రిల్‌లో ఆమె వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ చెప్పి కొడుకుతో మాట్లాడమన్నాము. అతను నేరుగా ఆ హాస్టలు చూసే అమ్మగారికే ఫోను చేశాడట. పైకప్పు బాగు చేయాలన్నది బృందం వేసుకున్న అంచనా. ఆమెను రెండుసార్లు, మూడుసార్లు గుచ్చి అడిగితే, పిల్లల స్నానాల గదుల నీరు పోయే దారి లేదని, దోమలు అక్కడే పుడుతున్నాయని మెల్లగా చెప్పింది. పద్నాలుగుమందిలో ఐదుగురు ఆగిపోయి, తమ టిక్కెట్ల డబ్బు ఇద్దరు మేస్త్రిల కూలికి, పైపులకు ఇచ్చారు. ఆగిపోయినవారిలో ఒకరిద్దరికి మనసు కష్టమైందట. తొమ్మిదిమంది వెళ్ళి కాలువ తవ్వారు.

తిరిగి వచ్చిన ఐదో రోజున అతనికి జ్వరం, కళ్ళ వెనుక నొప్పి. మేము చెప్పినట్టే డాక్టరుతో మొదటి మాటగా "నేను హోండురాస్ వెళ్ళి వచ్చాను" అన్నాడు. డెంగీ అని తేలింది. పారాసెటమాల్, ద్రవాలు తప్ప వేరే నొప్పి మాత్రలేవీ ఇవ్వలేదు. వారం రోజుల్లో కోలుకున్నాడు.

ఈ కబురంతా ఆమె ఆగస్టులో ఓ.పి.లో కూర్చొని చెప్పింది. చెబుతుండగా బి.పి. చూస్తే 170/100 ఉంది. "వాడి జ్వరం గొడవలో నా మాత్రలు అయిపోయిన సంగతే మరచిపోయానండి, మూడు వారాలైంది" అంది. ఆ రోజే ఫార్మసీ నుంచి తెప్పించి, మా ఎదుటే ఒకటి వేయించి పంపాము.